గాలి స్ప్రింగు

ఎద్దుబండి మీద గతుకుల బాటను పోయినవారికి కుదుపు అనగా నెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. చక్రము రాతిమీది కెక్కినప్పుడు ఇరుసు లేచును. ఇరుసుతోపాటు బండి లేచును. బండితోపాటు అందు కూర్చున్నవాడును లేచును. చక్రము రాతిని దిగినప్పుడు ఆ మూడును ఒక్కసారిగా క్రింద పడును. సామాన్యమైన ఎద్దుబండిలో ఇరుసునకును చట్రమునకును నడుమ ఒదిగెడు వస్తువేదియు లేదు. కావున బాట కొట్టిన ప్రతి దెబ్బయు మనుష్యుని వెన్నెముకకు నేరుగా తగులును.

ఈ బాధను తప్పించుకొనుటకై పూర్వము కలిగినవారు విల్లుబండ్లు చేయించుకొనుచుండిరి. వంపుగల ఉక్కుబద్దలను ఒకదానిపై నొకటి పేర్చి, కట్టగా బిగించి, ఇరుసుమీద నమర్చి, దానిపై బండిని నిలుపుదురు. చక్రము లేచినప్పుడు ఆ బద్దలు లొంగును. దిగినప్పుడు మరల తమ మొదటి వంపును పొందును. విల్లువలె లొంగి విల్లువలె తిరిగి వచ్చును గనుక ఆ బండికి విల్లుబండి యని పేరు వచ్చెను. నేడు లారీలను బాగుచేయువారు వాడు 'కమానుకట్ట' అను మాటకును ఇదియే యర్థము. కమాను అనునది పారసీక భాషాపదము; విల్లు అని దాని యర్థము. ఇట్లు ఈ సాధనమునకు దాని ఆకారమునుబట్టి పేరు వచ్చినది.

అట్టి మరమ్మతు షెడ్డులోనే నేడు మరియొక మాటయు వినవచ్చుచున్నది. అది ఎయిర్ స్ప్రింగు, అనగా గాలి స్ప్రింగు. క్రొత్తగా పని నేర్చుకొనుటకు వచ్చిన బాలుడెవడైన ఆ మాట విని మేస్త్రిని ఇట్లడుగుట సహజము: "మేస్త్రిగారూ, ఉక్కుబద్ద వంగునన్న తెలిసినది. చుట్ట స్ప్రింగు నలుగునన్న తెలిసినది. గాలికి వంపు లేదు, చుట్ట లేదు. దానిని స్ప్రింగని యేల యనవలెను?" మేస్త్రి నవ్వి, "ముందు పని చూడరా అబ్బాయీ, పేరు సంగతి తరువాత చూతువుగాని" యని యనవచ్చును. కాని బాలుని ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఆ పేరెందుకు వచ్చెనో తెలిసికొన్నవాడే గాలి స్ప్రింగు బరువు నెట్లు మోయునో తెలిసికొనగలడు. అది యెప్పుడు మోయజాలదో కూడ తెలిసికొనగలడు. ఆ రెండవ సంగతి తెలియనివానికి బండిక్రింద ప్రాణాపాయమే కలుగవచ్చును.

ఆంగ్లమున 'స్ప్రింగు' అను మాటకు ఎగయుట, దుముకుట అని మూలార్థము. నేలనుండి ఎగయు నీరు స్ప్రింగు. దానిని తెలుగున ఊట యందురు. మొలకలు నేలను చీల్చుకొని పైకెగయు ఋతువు స్ప్రింగు, అది వసంతము. నొక్కి విడిచినచో పైకెగయు ఉక్కుచుట్టయు స్ప్రింగే. ఆంగ్లేయులకు ఒక్క మాటలో నున్న ఈ మూడర్థములలో మూడవది మాత్రమే తెలుగులోనికి వచ్చెను. అదియు వస్తువునకు పేరుగా వచ్చినది గాని గుణమునకు పేరుగా రాలేదు. అందుచేత స్ప్రింగు అనగానే తెలుగు బాలుని కన్నులయెదుట కలములోని చిన్న చుట్టయో, కుర్చీ మెత్తలోని పెద్ద చుట్టయో నిలుచును. కాని 17వ శతాబ్దిలో ఆంగ్లమున ఆ మాట ఒక గుణమును గూడ తెలుపుచుండెను. నొక్కినచో లొంగుట, విడిచినచో మరల పూర్వస్థితికి వచ్చుట - ఇదియే యా గుణము.

ఈ గుణమునకు మన శాస్త్రగ్రంథములలో చక్కని పేరు కలదు. దానిని స్థితిస్థాపకత యందురు. పూర్వపు స్థితిని తిరిగి స్థాపించు గుణమని దాని భావము. ఇది నేటి భౌతికశాస్త్ర పాఠములకై క్రొత్తగా కల్పించిన మాట కాదు. ఆంధ్రుడగు అన్నంభట్టు సంస్కృతమున రచించిన తర్కసంగ్రహమునందు సంస్కారమను గుణము మూడు విధములని చెప్పబడినది. అవి వేగము, భావన, స్థితిస్థాపకము. మార్పు చెందించిన వస్తువును తిరిగి మొదటి స్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. చాప మొదలగు పార్థివ వస్తువులు దీనికి ఉదాహరణములు. చుట్టలు చుట్టి చాలకాల ముంచిన చాపను పరచినచో దాని కొన మరల చుట్టుకొనజూచును గదా! తర్కసంగ్రహకారుడు ఈ గుణము పృథివియందే యుండునని వ్రాసెను. వాయువునందును అది కలదని ప్రయోగముచేత చూపిన పండితుడు సముద్రముల కావల, ఇంగ్లండు దేశమున నుండెను.

ఆతని పేరు రాబర్టు బాయిలు. ఆక్స్‌ఫర్డు నగరమున ఆతనికి సహాయకుడుగా రాబర్టు హుక్కు అను యువకుడు పనిచేయుచుండెను. హుక్కు యంత్రములు కూర్చుటయందు మిక్కిలి నేర్పరి. ఆతని నేర్పువలన గాజుపాత్రలోని గాలిని తోడివేయు పంపొకటి సిద్ధమయ్యెను. బాయిలు గొఱ్ఱెపిల్ల మూత్రాశయమను తిత్తిలో కొంచెము గాలిని మాత్రముంచి, మూతి బిగించి, దాని నా పాత్రలో నుంచెను. తిత్తి మొదట ముడుతలు పడి వాడిపోయినట్లుండెను. పాత్రలోని గాలిని తోడినకొలది అది తనంతట తాను ఉబ్బసాగెను. దానిలోనికి క్రొత్త గాలి చొరలేదు. బయటినుండి నొక్కు గాలి తగ్గగానే లోనున్న కొద్దిపాటి గాలియే విచ్చుకొనెను.

బాయిలు దీనిని వివరించుచు గాలిని ఉన్నితో పోల్చెను. ఉన్నికుప్పను గుప్పిట నొక్కినచో చిన్న ముద్ద యగును. గుప్పిట విప్పినచో ఉన్నిపోగులు మరల విచ్చుకొనును. గాలియు నట్టిదే యని ఆతని యభిప్రాయము. ఈ ప్రయోగములను వర్ణించుచు 1660వ సంవత్సరమున ఆతడు ప్రకటించిన గ్రంథమునకు పెట్టిన పేరులోనే 'గాలియొక్క స్ప్రింగు' అను మాట యున్నది. అప్పటికి మోటారుబండి లేదు, రైలుబండి లేదు, రబ్బరుచక్రము లేదు. కాని గాలికిని స్ప్రింగునకును గల బంధుత్వము అప్పుడే పలుకబడినది. మూడువందల సంవత్సరముల పిమ్మట బస్సులవారు వాడిన మాట క్రొత్తగా పుట్టించినది కాదు.

రెండేండ్లకు, 1662లో, బాయిలు మరియొక ప్రయోగమును ప్రకటించెను. ఒక గాజు గొట్టమును వంచి, పొట్టికొమ్మ కొనను మూసి, పొడుగుకొమ్మ గుండ పాదరసమును పోసెను. పొట్టికొమ్మలో చిక్కుకొన్న గాలిపై పాదరసపు బరువు పడెను. రెండవ కొమ్మలో పాదరసము సుమారు 29 అంగుళములు ఎక్కువ ఎత్తున నిలిచినప్పుడు గాలి మొదటి చోటిలో సగమునకు కుంగెను. ఆ 29 అంగుళముల పాదరసపు ఒత్తిడి వాతావరణపు ఒత్తిడితో దాదాపు సమానము. అనగా ఒత్తిడి రెట్టింపైనచో గాలి యాక్రమించు చోటు సగమగును. ఉష్ణోగ్రత మారకున్నంతవరకు ఇది నిజము. దీనినే నేడు బాయిలు నియమ మందురు.

నాటి సహాయకుడగు హుక్కు తరువాత స్వయముగా గొప్ప శాస్త్రవేత్త యయ్యెను. 1678లో ఆతడు స్ప్రింగులను గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, లోహపు స్ప్రింగు సాగుదల దానిపై నుంచిన బరువునకు అనులోమముగా నుండునని తెలిపెను. ఒక సేరు బరువునకు ఒక అంగుళము సాగినది రెండు సేర్లకు రెండంగుళములు, మూడు సేర్లకు మూడంగుళములు సాగును. గాలి నడవడి యట్లు కాదు. 12 సెంటీమీటర్ల పొడవుగల గొట్టములో వాతావరణపు ఒత్తిడిగల గాలి యున్నదనుకొనుడు. ఒత్తిడి రెండింతలైనచో ఆ పొడవు 6 సెంటీమీటర్లకు తగ్గును. మూడింతలైనచో 4కు, నాలుగింతలైనచో 3కు తగ్గును. ఒత్తిడి ప్రతిసారి సమముగనే పెరిగినను కుంగుదల మొదట 6, పిదప 2, ఆ పిదప 1 సెంటీమీటరు మాత్రమే. నొక్కినకొలది గాలి మరింత గట్టిగా ఎదిరించుచున్నది. గాలి స్ప్రింగు రహస్యమంతయు ఈ మూడంకెలలో నున్నది.

దీనిని ఎవరైనను ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. సైకిలుపంపు పిడిని పైకిలాగి, గాలి వెడలు రంధ్రమును బొటనవ్రేలితో గట్టిగా మూసి, పిడిని క్రిందికి నొక్కవలెను. మొదట సులువుగా దిగును, దిగినకొలది కష్టమగును. చేయి వదలినచో పిడి పైకి తన్నును. ఆ చేతిని పైకి నెట్టిన దేది? అందు ఉక్కుచుట్ట లేదు. గాలియే యా పని చేసినది. ఆ క్షణమున సైకిలుపంపే గాలి స్ప్రింగు.

ఇక బండి సంగతి చూతము. బండిలో స్ప్రింగు చేయవలసిన పనులు మూడు. నిలిచియున్నప్పుడు బరువును మోయవలెను. చక్రము లేచినప్పుడు లొంగవలెను. చక్రము దిగినప్పుడు తిరిగి రావలెను. ఒక్క లొంగుటయే చాలినచో మట్టిముద్దను పెట్టినను చాలును. కాని మట్టిముద్ద తిరిగి లేవదు. ఒక్క మోయుటయే చాలినచో కొయ్యదిమ్మె చాలును. కాని అది లొంగదు. లొంగుటయు తిరిగివచ్చుటయు రెండును గలదే స్ప్రింగు.

ఉక్కు కమానుకట్ట ఈ పనులను నూరేండ్లకు పైగా చక్కగా చేయుచున్నది. 1804లో లండను నగరమున ఒబడయా ఇలియట్ అనునతడు గుఱ్ఱపుబండ్లకు అండాకారపు ఉక్కుకమానులను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. ఆనాటినుండి బండ్ల ప్రయాణము కొంత సుఖమయ్యెను. కాని ఉక్కునకు ఒక యిబ్బంది కలదు. దాని బిగువు తయారైననాడు ఎంతయో చివరవరకు అంతియే. నిండు బరువును మోయుటకు తగినంత గట్టిగా కట్టిన కమానులు, లారీ ఖాళీగా పోవునప్పుడు లొంగనే లొంగవు. అందుచేతనే ఖాళీలారీ గతుకులలో గణగణ మ్రోగుచు ఎగిరిపడుచుండును. పోనీ ఖాళీబండికి తగినట్లు మెత్తగా కట్టినచో నిండు బరువునకు చట్రము కుంగి ఇరుసును తాకును. బస్సున కీ చిక్కు మరింత యెక్కువ. ఒక ఊరిలో పదిమందితో బయలుదేరిన బస్సు పై యూరిలో అరువదిమందితో నిండవచ్చును. ఏ బరువునకు తగినట్లు కమాను కట్టవలెను?

ఈ ప్రశ్నకు గాలి చక్కని సమాధానము చెప్పినది. బస్సులోని గాలి స్ప్రింగు రబ్బరుతో చేసిన గట్టి తిత్తి. రబ్బరు పొరలలో నైలాను వంటి బలమైన దారములు నేసియుండును. ఒక రకమునందు కొలిమితిత్తివలె రెండుమూడు మడతలుండును. మరియొక రకమునందు రబ్బరుగొట్టపు క్రింది యంచు లోనికి మడువబడి, ఒక పిస్టను ప్రక్కలమీదుగా పైకి క్రిందికి దొర్లుచుండును. తిత్తి పైభాగము చట్రమునకును క్రిందిభాగము ఇరుసునకును బిగింపబడియుండును. ఇంజనుచే తిరుగు కంప్రెసరు గాలిని కుదించి ట్యాంకులో నింపును. ట్యాంకునుండి తిత్తికి పోవు దారిలో ఒక వాల్వు కలదు. ఆ వాల్వు చట్రమున కమర్చబడి, దాని పొడుగాటి చేయి ఒక కడ్డీద్వారా ఇరుసునకు కలుపబడియుండును.

ప్రయాణికులు ఎక్కినప్పుడు చట్రము కుంగును. వాల్వుచేయి పైకి తిరుగును. ట్యాంకులోని గాలి తిత్తిలోనికి పోవును. చట్రము మొదటి ఎత్తునకు రాగానే వాల్వు మూసికొనును. ప్రయాణికులు దిగినప్పుడు చట్రము లేచును. చేయి క్రిందికి తిరుగును. ఎక్కువైన గాలి బయటికి పోవును. ఇట్లు బరువెంతయైనను బస్సు ఎత్తు మారదు. లెక్కకు ఒక తిత్తి వైశాల్యము 400 చదరపు సెంటీమీటర్లనుకొనుడు. దానిలోని గాలి, బయటిగాలికంటె చదరపు సెంటీమీటరునకు 5 కిలోల చొప్పున ఎక్కువగా నొక్కుచున్నచో, ఆ తిత్తి 2000 కిలోల బరువును మోయును. బరువు 1000 కిలోలకు తగ్గినచో వాల్వు గాలిని వదలి ఒత్తిడిని 2.5 కిలోలకు దించును. ఒత్తిడి తగ్గినచో స్ప్రింగు బిగువును తగ్గును. అనగా బరువు పెరిగినప్పుడు స్ప్రింగు తానే గట్టిపడును; తగ్గినప్పుడు తానే మెత్తబడును. ఖాళీబస్సును నిండుబస్సును దాదాపు ఒకే తీరున ఊగుట కిదియే కారణము. ఉక్కుతో నింత సులువుగా నీ పని సాధ్యము కాదు.

అయితే గాలికి చేతకాని పనులును కలవు. కమానుకట్ట బరువును మోయుటయే కాక, ఇరుసు ముందు వెనుకలకును ప్రక్కలకును జరుగకుండ పట్టియుంచును. గాలితిత్తి కా బలము లేదు. కావున ఇరుసును చట్రముతో బంధించుటకు ప్రత్యేకముగా ఉక్కుకడ్డీలు కావలెను. అట్లే ఊగుటను ఆపుటయు స్ప్రింగు పని కాదు. స్ప్రింగు తిరిగి వచ్చును, వచ్చి ఆగక ఇంకను పైకి పోవును, మరల దిగును. ఆ ఊగిసలాటను అణచుటకు నూనె నింపిన వేరొక గొట్టముండును. దానిని షాక్ అబ్సార్బరు, అనగా దెబ్బను మ్రింగునది, అని పిలుతురు. నిజమున కా పేరు సరియైనది కాదు. దెబ్బను తనలో నిముడ్చుకొనునది స్ప్రింగు. ఊపును చల్లార్చునది ఆ గొట్టము.

గాలిని బండిక్రింద పెట్టవలెనను ఆలోచన మోటారు కాలమునకు ముందే పుట్టినది. 1845లో స్కాట్లండు వాడగు రాబర్టు విలియం థామ్సన్ గాలినింపిన చక్రపు పట్టీకి పేటెంటు పొందెను. అది నాడు ప్రచారమునకు రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు గాలిటైరును మరల కనిపెట్టెను. సైకిళ్లతోపాటు అది లోకమంతట వ్యాపించెను. టైరుకూడ ఒక విధమైన గాలి స్ప్రింగే. చిన్న రాళ్ల తాకిడిని అది తీసికొనును. పెద్ద గతుకులను పైనున్న స్ప్రింగునకు విడుచును. 1901లో అమెరికాలో విలియం హంఫ్రీస్ అనునతడు బండ్లకు అమర్చు గాలి స్ప్రింగునకే పేటెంటు పొందెను.

1920వ దశకమున ఫ్రాన్సు దేశమున జార్జి మెస్సియే అనునతడు ఉక్కుకమానులు తీసివేసి కుదించిన గాలిపై నిలుచు కార్లను చేయించెను. వానిని ఆతడు 'స్ప్రింగులు లేని కార్లు' అని ప్రకటించుకొనెను. ఇది వింత. ఆ కార్లకు స్ప్రింగులున్నవి. కాని అవి గాలితో చేసినవి. బాయిలు గాలిలోనే స్ప్రింగున్నదని చెప్పగా, మెస్సియే గాలి యున్నదిగాన స్ప్రింగు లేదనెను. ఒకరు గుణమును చూచి మాటాడిరి. మరియొకరు ఉక్కును చూచి మాటాడిరి.

1930వ దశకపు చివర అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ రబ్బరుతిత్తులను వృద్ధిపరచెను. జనరల్ మోటార్స్ కంపెనీ వానిని 1944లో బస్సులలో పరీక్షించి, 1953నుండి గాలి స్ప్రింగులు గల బస్సులను తయారుచేసి అమ్మసాగెను. 1955లో పారిస్ ప్రదర్శనమున సిట్రోయెన్ కంపెనీ డి.ఎస్. అను కారును ప్రవేశపెట్టెను. అందు ఇనుపగోళములలో బంధించిన నత్రజని స్ప్రింగుగా పనిచేయును. నూనె ఆ తాకిడిని చక్రమునుండి గోళమునకు అందించును. 1957, 1958 సంవత్సరములలో అమెరికా కార్లలో కొన్ని గాలిపై నిలువ మొదలిడెను. కాని గాలి కారుట మొదలగు చిక్కులవలన కొలదికాలమునకే ఆ యేర్పాటును విరమించిరి. చాలమంది యజమానులు తిత్తులను తీసివేసి ఉక్కుచుట్టలనే పెట్టించుకొనిరి. బస్సులో నిలిచిన గాలి స్ప్రింగు కారులో వెంటనే నిలువలేదు. బస్సునకు బరువు మార్పు ఎక్కువ. కావున లాభమును ఎక్కువ. కాలక్రమమున రబ్బరును వాల్వులును మేలైన పిదప అది కార్లలోనికిని తిరిగి వచ్చినది.

రైలుబండ్లకును గాలి స్ప్రింగులు చక్కగా నమరినవి. 1964లో జపాను దేశమున టోకియో, ఒసాకా నగరముల నడుమ గంటకు 210 కిలోమీటర్ల వేగముతో నడువసాగిన షింకన్‌సెన్ రైలుపెట్టెలు గాలి స్ప్రింగులపై నిలిచినవే. మన దేశమున 2019లో ప్రారంభమైన వందే భారత్ రైళ్లలోను పెట్టెకును దాని క్రింది చక్రముల బోగీకిని నడుమ గాలి స్ప్రింగులు కలవు. 2023 జనవరిలో సికిందరాబాదు, విశాఖపట్టణముల నడుమ అట్టి రైలు ప్రారంభమైనది. అందు ప్రయాణము చేయువారు కూర్చున్నది కుర్చీమీదనే గాని, ఆ కుర్చీతోకూడిన పెట్టె నిలిచినది గాలిమీద. కొన్ని నగరములలోని బస్సులు మజిలీలో ఆగినప్పుడు ఒక ప్రక్క తిత్తులలోని గాలిని కొంత వదలి మెట్టును నేలకు దింపును. వృద్ధులును అంగవికలురును సులువుగా ఎక్కిన పిదప మరల గాలి నింపుకొని లేచును. ఎదిగినవాడు వంగి పిల్లవానిని ఎత్తుకొన్నట్లుండును.

ఇంత యుపకారియైన గాలి స్ప్రింగు అపకారమును చేయగలదు. షెడ్లలో దీనిని ఎయిర్‌బ్యాగు, గాలిసంచి యని యనుట కలదు. ప్రమాదమున మనుష్యుని ముఖమునకు అడ్డుగా ఉబ్బెడు సంచికిని ఎయిర్‌బ్యాగనియే పేరు. రెండింటికిని సంబంధము లేదు. ఒకటి నిత్యము బరువును మోయునది, మరియొకటి జన్మములో ఒక్కసారి ఉబ్బునది. విడిభాగము కొనువాడు పేరు స్పష్టముగా చెప్పకున్నచో ఒకదానికి మారుగా మరియొకటి వచ్చును. అట్లే గాలి స్ప్రింగు వేరు, ఎయిర్ సస్పెన్షను వేరు. తిత్తి మాత్రమే గాలి స్ప్రింగు. తిత్తి, కంప్రెసరు, ట్యాంకు, వాల్వులు, గొట్టములు, కడ్డీలు అన్నియు కలిసి ఎయిర్ సస్పెన్షను. బస్సు ఒక ప్రక్కకు ఒరిగినంతమాత్రమున తిత్తి చెడినదనుకొనరాదు. వాల్వుచేయి విరిగియుండవచ్చును, గొట్టము కారుచుండవచ్చును.

వీని యన్నిటికంటె ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. ఉక్కు స్ప్రింగులోని బలము ఉక్కులోనే యుండును. విరిగిననే తప్ప అది పోదు. గాలి స్ప్రింగులోని బలము బంధింపబడిన గాలిలో నుండును. గాలి వెడలినచో ఆ బలము లేదు. స్ప్రింగు అనగా ఉక్కే యని యెరిగినవాడు, గాలి స్ప్రింగులపై నిలిచిన బస్సుక్రిందికి నిర్భయముగా దూరును. గొట్టమును విప్పినంతనే, లేదా దానంతట అది జారినంతనే, చట్రము కొన్ని అంగుళములు ఒక్కసారిగా దిగును. క్రింద నున్నవానికి ఆ కొన్ని అంగుళములే ప్రాణపు మేర. కావున తెలిసిన మేస్త్రి మొదట చక్రములకు అడ్డుకట్టెలు పెట్టును. చట్రము క్రింద బలమైన ఇనుపస్టాండ్లు నిలుపును. గాలిని పూర్తిగా వదలును. ఆ తరువాతనే గొట్టమును ముట్టును. బండినుండి విడదీసిన తిత్తిని ఊరక గాలికొట్టి పరీక్షింపడు. చుట్టును పట్టియుంచు ఆధారము లేనిచో అది పగిలి మీద పడవచ్చును.

పని నేర్చుకొనవచ్చిన బాలుని ప్రశ్నకు సమాధానమిప్పుడు సులభము. స్ప్రింగు అనునది చుట్టకు పేరు కాదు, బద్దకు పేరు కాదు. లొంగి తిరిగివచ్చు గుణము గలదానికి పేరు. ఆ గుణము ఉక్కునందును కలదు, చాపయందును కలదు, గాలియందును కలదు. విల్లుబండి యని పేరు పెట్టినవారు ఆకారమును చక్కగా చూచిరి. స్థితిస్థాపకమని పేరు పెట్టినవారు గుణమును చక్కగా చూచిరి. రెండు చూపులును కావలసినవే. ఆకారమును మాత్రమే చూచినవానికి గాలి స్ప్రింగు వట్టి సంచి. గుణమును చూచినవానికి అది వేల కిలోలను మోయు మెత్తని భుజము. ఆ భుజము గాలియున్నంతసేపే భుజమని యెరిగినవాడు దానిచేత పని చేయించుకొనును, దానిక్రింద పడి నలుగడు. మాట యర్థమును విచారించి తెలిసికొనుట పండితుల వేడుక మాత్రమే కాదు. పనివానికది రక్ష.

ప్రశ్నలు

1. విల్లుబండి, కమానుకట్ట అను పేర్లు ఎట్లు వచ్చినవి?
2. గాలికి స్థితిస్థాపకత కలదని బాయిలు ఏ ప్రయోగములచే చూపెను?
3. లోహపు స్ప్రింగునకును గాలి స్ప్రింగునకును గల భేదమును అంకెలతో వివరింపుము.
4. ఖాళీబస్సును నిండుబస్సును గాలి స్ప్రింగులపై దాదాపు ఒకే తీరున ఊగుటకు కారణమేమి?
5. గాలి స్ప్రింగులు గల బండిక్రింద పనిచేయువాడు తీసికొనవలసిన జాగ్రత్తలేవి? అవి యేల అవసరము?